రెండు బాణాల నడుమ రాయి

ఒక్క యడుగున నుర్వియు నొక్క యడుగు
నందు నభమును గొలిచిన నాథ నీదు
పాదధూళిని తలదాల్చి పలుకువాడ
నడక తప్పక కథ సాగ నడుపుమయ్య.

భూమినీ ఆకాశాన్నీ చెరొక అడుగుతో కొలిచిన ఆ త్రివిక్రముడికి చేతులు జోడించి, ఆ రెంటి నడుమ దూరాన్ని లెక్కలతో కొలవబూనిన ఒక అక్కా తమ్ముళ్ల కథ చెబుతున్నాను. స్వామికి కొలత తప్పలేదు. తన పాదం ఎక్కడ మోపినదీ ఆయనకు తెలుసు. వీరికి తప్పింది.

భూమి దాపుకు వచ్చే రాళ్లనూ, ఆయువు తీరిన ఉపగ్రహాల ముక్కలనూ కనిపెట్టి, అవి ఎటు వచ్చి ఎటు పోతాయో ముందుగా చెప్పే కార్యాలయం అది. పాత కట్టడం. కింది అంతస్తులో డైరెక్టరుగారి గదీ, పొడవాటి బల్ల వేసిన సమావేశపు గదీ ఉండేవి. పై అంతస్తులో వసారాకు ఒకవైపు కొండవారి గది, మరొకవైపు రాడారువారి గది. వసారా చివర మంచినీళ్ల యంత్రం. కొండవారంటే లోపలి కొండమీది దుర్భిణులతో రాయిని చూసి లెక్కగట్టేవారు. రాడారువారంటే సముద్రపుటొడ్డున నిలిపిన పెద్ద పళ్లెం నుండి కిరణాన్ని పంపి, రాయికి తగిలి తిరిగివచ్చిన దాన్ని బట్టి లెక్కగట్టేవారు.

కొండవారికి పెద్ద అక్కగారు. రాడారువారికి పెద్ద ఆమె సొంత తమ్ముడు. అతడు ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నిండు వసారాలో "అక్కా!" అని కేకవేశాడు. ఆ పిలుపు అందరికీ అంటుకుంది. డైరెక్టరు మొదలుకొని గేటు దగ్గరి కాపలాదారు దాకా ఆమె అందరికీ అక్కగారే. ఈ కథ జరిగేనాటికి ఆ పిలుపు నేర్పినవాడొక్కడు తప్ప తక్కిన వారందరూ ఆమెను అలాగే పిలుస్తున్నారు.

వారి విద్యకు ఆధారం సదిశ. సదిశ అంటే బాణమనుకోండి. ఎంత దూరమో చెబుతుంది, ఏ దిక్కో కూడా చెబుతుంది. ఆకాశంలో రాయిని పట్టుకోవాలంటే రెండు బాణాలు కలపాలి. భూమి నడిగర్భం నుండి, చూసేవాడు నిలబడిన చోటికి ఒక బాణం. అక్కడి నుండి రాయికి మరొకటి. మొదటిదాని మొనకు రెండోదాని తోక తగిలిస్తే భూమికి రాయి ఎక్కడున్నదో తేలుతుంది. అలా కొన్నిమార్లు తేల్చి, రాయి పరుగు ఏ దిక్కున ఎంత వడిగా ఉన్నదో మరొక బాణంగా గుర్తించి, భూమి ఆకర్షణ ఆ పరుగును క్షణక్షణమూ ఎంత వంచుతుందో కూడుకుంటూ పోతే, రేపటి దారి కళ్లముందు గీతలా సాగుతుంది. చూసేవాడు నిలబడిన చోటును చెప్పే ఆ మొదటి బాణానికి కార్యాలయంలో వాడుకపేరు 'పాదం'. పాదం తప్పితే పైన ఎంత సొగసుగా లెక్క కట్టినా దారి తప్పుతుంది.

ఈ కూడిక తమ్ముడికి నేర్పింది అక్కగారే. చిన్ననాడు తల్లి కడిగి ఆరబెట్టిన వంటింటి గచ్చుమీద సుద్దముక్కతో బాణాలు గీసి, "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి అక్కడికి. మొత్తం మీద ఎక్కడికెళ్లావురా?" అని అడిగేది. "వంటింట్లోంచి చీవాట్లలోకి," అనేవాడు వాడు, తల్లి అడుగుల చప్పుడు విని.

అంతటి తోబుట్టువుల మధ్య మాట ఎలా ఆగిపోయిందో చెబుతాను. ఏడాది కిందట ఒక ఉపగ్రహపు ముక్క దారిపై సమావేశం జరుగుతూండగా తమ్ముడు ఆమె లెక్కలో వేలు పెట్టి, "అక్కా, ఇక్కడ ప్లస్ ఉండాలి. మైనస్ వేశావు," అన్నాడు. తప్పు నిజమే. కానీ బల్లచుట్టూ ఇరవైమంది ఉన్నారు.

"నీకు కూడికలు నేర్పింది నేనురా," అన్నది ఆమె.

"అందుకే తీసివేతలు నేనే సొంతంగా నేర్చుకోవాల్సొచ్చింది."

బల్ల బల్లంతా ఘొల్లుమంది. వాడూ నవ్వాడు. ఆమె కాగితాలు సర్దుకుని లేచింది. ఆనాటి నుండి ఆమె నోట తమ్ముడనే మాట పోయి 'రాడారువారు' వచ్చింది. వాడు మొదట్లో రెండుమూడుసార్లు గుమ్మందాకా వచ్చి చూశాడు. ఆమె తెరమీది నుండి కళ్లెత్తలేదు. తర్వాత వాడికీ మనసు బిగిసింది. ఎదురెదురు గదుల్లో ఉండి, డైరెక్టరుగారి నోటిమీదుగా మాట్లాడుకోవడం అలవాటైంది.

ఈ మౌనపు బరువంతా మోసినది తల్లి. ఆమె తీరపట్నంలో తమ్ముడి ఇంట, కిటికీ పక్క మంచం మీద ఉండేది. గుండె బాగా పల్చబడింది. మంచం మీది నుండి కుర్చీలోకి కూడా మార్చవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. తమ్ముడు రాడారు దగ్గరకు వెళ్లిన వేళ చూసుకుని అక్కగారు వచ్చేది. ఆమె వెళ్లిపోయిందని తెలిశాక వాడు ఇంటికి వచ్చేవాడు.

"ఒకళ్లు పోయాక ఒకళ్లు. నేనేమన్నా డాక్టర్నటే, వంతులు పెట్టి చూడ్డానికి?" అనేది తల్లి. "ఈ మంచం పట్టె మీద ఇద్దరూ చెరో పక్క కూచుని ఒక్కమాట మీద ఉండగా చూడాలే. ఇంకేం అడగను."

"చూద్దాంలేమ్మా," అనేది అక్కగారు.

ఇక ఆ కార్యాలయపు ఆచారం ఒకటి చెప్పాలి. కొండవారూ రాడారువారూ ఒకరి లెక్క ఒకరు చూడకుండా వేరువేరుగా కట్టుకుని బల్ల దగ్గరకు రావాలి. డైరెక్టరుగారు రెండు ఫలితాలనూ కలిపి సగం చేసి, దానికి 'మధ్యమం' అని పేరుపెట్టి, ఇద్దరి సంతకాలతో ప్రకటించాలి. తగవులంటే ఆయనకు ఒంట్లో వణుకు. ఇంట్లో తల్లి వేడినీళ్లనీ, భార్య చన్నీళ్లనీ అంటే జీవితమంతా గోరువెచ్చని స్నానంతో వెళ్లదీశాడని సిబ్బంది చాటున చెప్పుకునేవారు. మామూలు రోజుల్లో రెండు లెక్కల తేడా వెంట్రుకవాసి. మధ్యమం ఎన్నడూ తప్పలేదు. తప్పనిది కనుక ధర్మమైపోయింది.

అటువంటి రోజుల్లో ఆ రాయి వచ్చింది. రెండంతస్తుల ఇంటంత ఉంటుంది. సూర్యుడి వైపు నుండి రావడంతో దాన్ని ఎవరూ ముందుగా పసిగట్టలేదు. తెల్లవారుజాము సంజెవెలుగు అంచున కొండమీది చిన్న దుర్భిణికి చిక్కింది. రాడారుకు దాని ఆనవాలు అందీ అందనట్టుగా అందింది. మబ్బుల వల్లా, ఎండవేళ వల్లా వేరే దేశాల దుర్భిణులకు ఇంకా కనబడలేదు. మర్నాటి సాయంకాలానికి భూమి పక్కకు వస్తుంది. ఆ ఉదయమే అందరూ బల్ల దగ్గర చేరారు.

"కొండవారు ఏమంటారు?" అని అడిగారు డైరెక్టరుగారు.

"తూర్పు అంచు పక్కనుంచి దాటిపోతుంది. తగలదు," అన్నది అక్కగారు.

"రాడారువారో?"

"పడమటి అంచు పక్కనుంచి దాటిపోతుంది. తగలదు," అన్నాడు తమ్ముడు.

"ఇద్దరూ తగలదనే అంటున్నారు. చల్లని మాట." ఆయన రెండు ఫలితాలనూ యంత్రానికి ఇచ్చి సగం చేయించారు. తెరమీద నీలిగీత వంపు తిరిగి వచ్చి, భూమి బొమ్మలో సూటిగా గుచ్చుకుంది. గుచ్చుకున్న చోట తీరపట్నం పేరు వెలిగింది.

అటు తప్పిపోతుందని ఒకరు, ఇటు తప్పిపోతుందని ఒకరు అంటే, రెండు తప్పింపులూ కలిసి ఒక దెబ్బ అయ్యాయి.

"సార్, ఇది అర్థంలేని పని," అన్నది అక్కగారు. "స్తంభానికి ఎడంపక్కనుంచి పోతాడని ఒకరు, కుడిపక్కనుంచి పోతాడని ఒకరు చెబితే, సగంచేసి మనిషిని స్తంభానికి గుద్దుతామా?"

"గుద్దేది నేను కాదమ్మా, మీ ఇద్దరూ. ఇన్నేళ్లుగా మధ్యమమే చెప్పాం. ఇవాళ మానేసి ఎవరి మాటో ఒకటి పట్టుకున్నాననుకోండి, రేపు అది పడితే ఎవరిని అడుగుతారు?"

"పడదని ఇద్దరం చెబుతున్నాం కదా!"

"ఇద్దరూ రెండు దారులు చెబుతున్నారు. రెండూ నిజం కాలేవు. ఇద్దరిలో ఒకరు 'మాది వెనక్కి తీసుకుంటున్నాం' అని ఒక్కమాట అనండి. రెండోవారిదే ప్రకటిస్తాను. ఏది ప్రకటించినా తగలనిదే. తీరం ఖాళీ చేయించక్కర్లేదు. ఎవరంటారు?"

అందులో ఏమున్నదో అక్కడ ఇద్దరికే పూర్తిగా తెలుసు. తీరం ఖాళీ చేయిస్తే కిటికీ పక్క మంచాన్ని కూడా కదిలిస్తారు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఒక్కమాట. కొండవారు తమ పాదం ఇంకోసారి సరిచూసుకుంటారేమో అడగండి."

పట్నపు దీపాల వెలుగు పెరిగి ఆకాశం పాలిపోయిందని ఆ ఏడాది మొదట్లో దుర్భిణులను పాత కొండ నుండి లోపలి కొండకు తరలించారు. పాదం మార్చే పని ఆమె దగ్గరుండి చేయించింది. ఇప్పుడు మళ్లీ ఇరవైమంది ముందు, మళ్లీ ఈ వేలు!

"పాదం మార్చాం, మా చేతులతోనే మార్చాం అని చెప్పండి సార్. వాళ్ల పళ్లానికి వినపడింది రాయి చప్పుడో, సముద్రపు హోరో ముందు వాళ్లని తేల్చుకోమనండి."

బల్ల చివర ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి నవ్వు ఆమె పక్షాన ఉన్నది. అంత గండంలోనూ ఆ నవ్వు ఆమెకు చల్లగా తగిలింది. తమ్ముడు చేతిలోని కాగితాన్ని రెండు మడతలు పెట్టి జేబులో ఉంచుకుని కూర్చున్నాడు.

"సాయంత్రం టీ దాకా సమయమిస్తున్నాను. తోబుట్టువులు, మీలో మీరు తేల్చుకోండి," అని డైరెక్టరుగారు లేచారు.

ఆమె గదికి చేరేసరికి ఫోను మోగుతోంది. తమ్ముడి భార్య.

"వదినా, ఏదో రాయంటున్నారు టీవీలో. మీ తమ్ముడు ఫోనెత్తడం లేదు. అత్తయ్యని కదపకూడదని డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో మీకు తెలుసుగా. ఏమన్నా భయముందా?"

"ఏమీ లేదు. తగలదు."

"మీరంటే ఇంకేం కావాలి. ఇదిగో, అత్తయ్య మాట్లాడతారట."

తల్లి గొంతు పీచులా వచ్చింది. "ఏమే, వాడు అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"తిన్నాడా?"

"నాకేం తెలుసమ్మా?"

"ఎదురు గదేగా! ఎక్కడో ఆకాశంలో రాయి ఎక్కడుందో తెలుసుగానీ, ఎదురుగా తమ్ముడు తిన్నాడో లేదో తెలీదూ?" నవ్వబోయి దగ్గింది. "అడిగి నాకు చెప్పు. ఉంటాను మరి."

ఆమె వసారాలోకి వచ్చింది. నీళ్ల యంత్రం దగ్గర వాడే ఉన్నాడు, ఆమె వైపు వీపు పెట్టి. మెడవెనుక జుట్టు నెరిసిందని అప్పుడే గమనించింది. "తిన్నావా?" ఆ ఒక్కమాట చాలు. దాని వెనుకనే తక్కినవన్నీ తోసుకుని వస్తాయి. పాదం సంగతీ వస్తుంది, అమ్మ సంగతీ వస్తుంది. నాలుక చివరిదాకా తెచ్చుకుని నిలబడింది.

వాడు తిరిగి చూశాడు. చూసి, తాను నింపుకున్న గ్లాసును ఆమెకు అందేటట్టు గట్టుమీద ఉంచి, పక్కకు తప్పుకున్నాడు. మాటలేదు. ఒక్కమాట అని ఇచ్చి ఉంటే ఏమయ్యేదో! మాటలేకుండా ఇవ్వడం ఆమెకు దయతలచినట్టు తోచింది. ఆ గ్లాసును అక్కడే వదిలి, వేరే గ్లాసు తీసుకుని, తానే నింపుకుని, తాగి, గదిలోకి వెళ్లిపోయింది.

యంత్రం ముందు కూర్చుని తెర తెరిచింది. పెద్ద దుర్భిణి పాదాన్ని ఆమె దగ్గరుండి మార్పించింది. చిన్నది ఆ రోజుల్లో మరమ్మతులో ఉండి ఆలస్యంగా కొండ చేరింది. దాని పాదాన్ని తెరిచి చూడడం వక్కపొడి నమిలినంత సేపటి పని. వేలు మీట మీదికి వెళ్లింది. వెళ్లి ఆగింది. సరిగా ఉంటే, వాడి మాటమీద నేను పరిగెత్తి చూసినట్టవుతుంది. సరిగా లేకపోతే... ఆ రెండో ఆలోచనను ఆమె పూర్తి చేయలేదు. చేతిని ఒళ్లోకి తీసుకున్నది. చిన్నవాడు, వాడే తగ్గాలి. అమ్మ ఉండేది వాడింట్లో. అమ్మను మంచం మీది నుండి లేపనిస్తాడా? తగ్గితీరుతాడు.

టీ వచ్చింది, చల్లారింది. బల్ల దగ్గర డైరెక్టరుగారు ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశారు.

"ఎవరైనా?"

ఆమె బల్ల చెక్కమీది గీతను చూస్తూ కూర్చున్నది. ఎదుటి వైపు వాడు కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఒక్కసారి కుర్చీ కిర్రుమంది. లేస్తున్నాడనుకుని ఆమె తలెత్తింది. వాడు కుర్చీ జరుపుకున్నాడంతే.

"సరే. భగవంతుడే దిక్కు," అని ఆయన కాగితాన్ని జరిపారు. ఆమె సంతకం చేసింది. దాని కింద వాడు చేశాడు. ఏడాది తర్వాత ఆ రెండు పేర్లూ ఒకచోట కలవడం అదే.

ప్రకటన వెలువడగానే మరదలికి ఫోను చేసింది. "అమ్మని కదిలించొద్దు. తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండండి."

"ఏంటి వదినా మీ మాటలు?" మరదలి గొంతు పదునెక్కింది. "పొద్దున తగలదన్నారు. ఇప్పుడు తగులుతుందని మీరే సంతకం పెట్టారు, టీవీలో చూపించారు. ఆయనా ఇప్పుడే ఫోను చేసి కదిలించొద్దన్నారు. ఆయన సంతకమూ ఉంది. మీ ఇద్దరి నోళ్లని నమ్మనా, మీ ఇద్దరి చేతుల్ని నమ్మనా? పోలీసులు గుమ్మంలో ఉన్నారు. అందరూ పోతున్న వీధిలో ఈ మనిషిని పెట్టుకుని నన్నొక్కదాన్నీ కూచోమంటారా? రేపు ఏమన్నా అయితే నేనేగా కోడల్ని!"

ఆమెకు 'అది నిజం కాదు, ఊరికే చేసిన సంతకం' అని చెప్పే నోరు లేదు.

మర్నాడంతా గోడమీది టీవీలో తీరపట్నం ఖాళీ అవుతూ కనబడింది. దుకాణాల తలుపులు దించుతున్నారు. పరుపులు కట్టిన కార్లు, పంజరంలో చిలుకను పట్టుకున్న ముసలాయన, దారితప్పిన పిల్లను ఎత్తుకుని అరుస్తున్న సిపాయి. వంతెన మీద వాహనాలు ఒకదానికొకటి అంటుకుని నిలిచిపోయాయి. వాటి మధ్య అంబులెన్సుల ఎర్రదీపాలు తిరుగుతున్నాయిగానీ చక్రాలు తిరగడం లేదు. ఏ దీపం తన తల్లిదో ఆమెకు తెలియలేదు. రాయి దాటేదాకా ఎవరూ స్థానం వదలరాదని ఉత్తరువు. ఎదురు గదిలో వాడూ అలాగే కూర్చున్నాడు. వసారా మీదుగా రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి.

సాయంకాలం రాయి వచ్చింది. వచ్చి, పడమటి అంచు పక్కగా, తమ్ముడు గీసిన గీతమీద గీతలాగా, నిశ్శబ్దంగా దాటిపోయింది. తీరం మీద ఒక్క గాజుపలక బీటవారలేదు. రెండు గదుల్లోనూ చప్పట్లు మోగాయి. ఎవరో ఎవరినో కౌగిలించుకున్నారు. డైరెక్టరుగారు మెట్లెక్కి వచ్చి, "ముందుజాగ్రత్తకు మనల్ని మెచ్చుకుంటున్నారమ్మా పైవారు!" అని అందరికీ చెబుతూ తిరిగారు.

అక్కగారు చప్పట్లు కొట్టలేదు. చిన్న దుర్భిణి పాదాన్ని తెరిచింది. పాత కొండ. రాయిని పట్టిన కన్ను లోపలి కొండమీద ఉన్నది, లెక్కలో దాని పాదం మాత్రం ఏడాది కిందటి చోటనే నిలబడి ఉన్నది. ఆమె అంకెలు మార్చింది. మార్చగానే ఆమె గీత తూర్పు అంచును వదిలి, తెరమీద మెల్లగా జరిగి, తమ్ముడి గీతమీద ఒదిగి పడుకుంది. రెండు గీతలు ఉన్నాయని ఇక ఎవరూ చెప్పలేరు. నిన్న మధ్యాహ్నం చేయవలసిన పని అది. వక్కపొడి నమిలినంత సేపు పట్టింది.

అప్పుడు ఫోను మోగింది.

ఆసుపత్రి లోపలి పట్నంలో ఉన్నది. తీరం నుండి వచ్చినవారితో వరండాలు కిక్కిరిసి ఉన్నాయి. చివరి గది తలుపు పక్కన బల్లమీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఆమె కంటే ముందే ఎలా వచ్చాడో! ఆమె లోపలికి వెళ్లి తల్లి పాదాలను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నిలబడింది. చల్లబడిన పాదాలు. బయటికి వచ్చి బల్లకు రెండో చివర కూర్చున్నది. నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"నీదే సరిరా," అన్నది. "చిన్నదాని పాదం పాతకొండ మీదే ఉంది."

"తెలుసక్కా."

ఏడాది తర్వాత విన్న ఆ పిలుపు ఆమె చెవికి సుఖం ఇవ్వలేదు. "తెలుసా?"

"రాడారు ఎటు తిప్పాలో తెలియడానికి మీ నుంచి వచ్చిన చూపుల కాగితం మీద స్థలం పేరు చూశా. పాత కొండ పేరే ఉంది. పేరే మార్చలేదో, లెక్కే మార్చలేదో తెలీలేదు. అడగాలనుకున్నా."

"అడగొచ్చుగా? తలుపు తోసుకొచ్చి, 'ఒసే, నీ పాదం తప్పే' అని తిట్టొచ్చుగా?"

"ఒకసారి తప్పు చూపించి అక్కని పోగొట్టుకున్నా. మళ్లీ చూపించడానికి నోరెలా వస్తుంది? అయినా బల్ల దగ్గర అన్నాను. నువ్వు సముద్రపు హోరన్నావు."

ఆమె తలవంచుకుని, "పోనీ నీదే వెనక్కి తీసుకుని ఉండొచ్చుగా," అన్నది. అన్నాక తన మాట తనకే సిగ్గుగా తోచింది.

"సరైనదని తెలిసి ఎలా తీసుకోను?" అన్నాడు వాడు. "అబద్ధమెందుకు. లేవబోయా. లేవబోతూ, మళ్లీ నేనేనా తగ్గేది అనుకున్నా. అక్కే తగ్గుతుంది, అమ్మంటే దానికి ప్రాణం అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నానురా."

మరదలు తడిసిన కొంగుతో గదిలో నుండి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె కళ్లలో ఇక కోపం కూడా మిగలలేదు.

"వంతెన మీద ఆగిపోయాం," అన్నది, ఇద్దరిలో ఎవరినీ చూడకుండా. "అత్తయ్యకి ఆయాసం ఎక్కువైంది. 'ఎక్కడికే తీసుకుపోతున్నారు నన్ను?' అన్నారు. 'మీ పిల్లలు చెప్పిన చోటికే అత్తయ్యా' అన్నాను. 'ఎవరు, పెద్దదా, చిన్నాడా?' అన్నారు. 'ఇద్దరూనూ' అన్నాను. 'ఇద్దరూ ఒకే మాట చెప్పారా?' అని మళ్లీ అడిగారు. మీ సంతకాలు ఒకదాని కింద ఒకటి టీవీలో చూశానుగా, అవునన్నాను. 'నిజంగా? కలిసి చెప్పారా?' అన్నారు. నవ్వారు. నా చెయ్యి పట్టుకుని, 'హమ్మయ్య, మాటలు కలిశాయన్నమాట' అన్నారు. ఆ నవ్వు అలాగే ఉండగానే..."

తర్వాతిది చెప్పలేక లోపలికి వెళ్లిపోయింది.

వరండాలో ఎవరి బిడ్డో పాలకు ఏడుస్తోంది. పట్నం నుండి వచ్చినవారు మూటలు విప్పి మళ్లీ కట్టుకుంటున్నారు. రాయి పడలేదట, ఇళ్లకు పోవచ్చునట అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. బల్లకు రెండు చివరల కూర్చున్నవారు మాత్రం కదలలేదు.

చాలాసేపటికి అక్కగారు, "తిన్నావా?" అని అడిగింది.

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆ జవాబు ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఈ కథ ఇంతే. అడుగులతో లోకాలు కొలిచిన స్వామి దీనిని విన్నవారందరినీ చల్లగా చూచుగాక. మీ ఇళ్లలో తోబుట్టువుల మధ్య మాట నిలిచిపోయి ఉంటే అది నేడే కదలుగాక. తప్పు చూపేవారికి మెత్తని నోరూ, చూపించుకునేవారికి వినే చెవీ కలుగుగాక. అడగవలసిన మాట అడగవలసిన మనిషి ఉండగానే మీ నాలుక దాటి వచ్చుగాక. మీ పెద్దలు తమ మంచాల మీద, తమ కిటికీల పక్కన, మీ అందరి నడుమ నిండు నూరేళ్లు ఉందురుగాక. స్వస్తి.